పప్పు ఉడకని నూతులు: డెల్టా శివారులో భూగర్భజల నిల్వల లెక్క

ఈ కేసులో మొదటి ఏడాదంతా నేను తప్పు వస్తువును కొలిచాను. కొలతలు సరిగ్గానే ఉన్నాయి, కొలవవలసింది మాత్రం అది కాదు. భూగర్భజలాల పనిలో ఇరవై ఏళ్ళు గడిచాక చేసిన పొరపాటు కాబట్టి కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఊళ్ళ పేర్లు, పని అప్పగించిన వారి పేర్లు చెప్పను. కోనసీమలో సముద్రానికి దగ్గరగా, పంట కాలువ చిట్టచివర ఉన్న ఏడు గ్రామాలు అనుకుంటే చాలు.

నేపథ్యం

రాతినేలల్లో పని నేర్చుకుని డెల్టాకు వచ్చినవారు ముందుగా ఒక అలవాటు మానుకోవాలి. వాన పడితే మట్టం లేస్తుంది, బోర్లు తోడితే దిగుతుంది అన్నది అక్కడి లెక్క. ఇక్కడ వానతో పాటు కాలువ కూడా నేలను నింపుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి మళ్ళింది. లక్షల ఎకరాల వరిచేలల్లో సార్వా అనే ఖరీఫ్ పంటలోనూ దాళ్వా అనే రబీ పంటలోనూ నీరు నిలబడుతోంది. చేలో నిలిచిన నీరు, కాలువ గట్ల కింది ఊట, బోదెల్లో పారే నీరు అన్నీ కలిసి నేలలోకి ఇంకుతాయి. దాళ్వా అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో కాలువలు కట్టేస్తారు. పూడికతీత, మరమ్మతులు అయ్యాక జూన్‌లో మళ్ళీ వదులుతారు. నూతుల్లో నీరు నిజంగా దిగేది ఆ మధ్యకాలంలోనే. ఇక్కడి భూగర్భజలం మబ్బు కంటే లాకుల తలుపుల మాట ఎక్కువ వింటుంది.

మా ఏడు గ్రామాలూ పాతకాలపు సముద్రతీరపు ఇసుక దిబ్బల మీద ఉన్నాయి. సముద్రం వెనక్కి జరిగినకొద్దీ మిగిలిపోయిన మెరకలు అవి. వాటి మీద ఇళ్ళు, కొబ్బరితోటలు, నడుమ పల్లాల్లో బంకమట్టి, వరి, ఇప్పుడు చాలాచోట్ల చేపల, రొయ్యల చెరువులు. దిబ్బ కింద ఇసుకలో మంచినీరు ఒక పొరగా తేలుతూ ఉంటుంది. దాని కింద ఉప్పునీరు. మేము పని చేసిన దిబ్బకు ఒకవైపు పంట కాలువ, మరోవైపు సముద్రంలోకి పోయే పెద్ద మురుగు కాలువ ఉన్నాయి. ఈ రెండు కాలువల సంగతి తర్వాత చాలా అవసరమవుతుంది.

వచ్చిన సమస్య

నీటి సంఘాలవారు, తాగునీటి పనులు చూసే అధికారులు కలిసిన ఒక కమిటీ నన్ను పిలిచింది. ప్రశ్న ఒక్కటే: పదిహేనేళ్ళలో ఇక్కడి భూగర్భజల నిల్వ తగ్గిందా, తగ్గితే ఎంత? ఒక్క అంకె కావాలన్నారు, ఆ అంకెను బట్టి తాగునీటి పథకానికి ప్రతిపాదన పంపుతారట.

కమిటీలోనే రెండు వాదాలున్నాయి. నూతులు, చేతిపంపులు వదిలేసి డబ్బా నీళ్ళు కొంటున్నామని, నీరు తగ్గిపోయిందని గ్రామస్థుల మాట. నడివేసవిలో కూడా రెండు మీటర్ల లోతులో నీరు కనిపిస్తుంటే కొరత ఎక్కడుందని ఇంజనీర్ల మాట. నేను ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను. నిల్వ అంటే ఏ నీటి నిల్వ అని ఎదురు అడగలేదు. మొదటి తప్పు అక్కడే జరిగింది.

ఆకాశం నుంచి చూస్తే

ముందుగా గ్రేస్ ఉపగ్రహాల సమాచారం తీశాను. అందుకు కారణాలున్నాయి: అది ఉచితం, 2002 నుంచి నెలనెలా ఉంది, పటం గీస్తే కమిటీకి నచ్చుతుంది. మూడో కారణం బరువు ఎంతో నాకు తెలుసు, అయినా దాని వైపే మొగ్గాను.

ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరిగే ఆ జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో తేడాలను పసిగడతాయి. కింద నీటి బరువు పెరిగినచోటికి ముందు వెళ్ళేది కొంచెం లాగబడుతుంది, రెండింటి మధ్య దూరం వెంట్రుక కంటే సన్నని కొలతలో మారుతుంది. ఆ మార్పు నుంచి భూమి మీద, భూమి లోపల ఉన్న నీరంతా ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో లెక్క కడతారు. 2002 నుంచి 2008 వరకు వాయవ్య భారతం 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం కోల్పోయిందని 2009లో తేల్చింది ఈ పద్ధతితోనే. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ కలిసినంత పెద్ద ప్రాంతానికి అది గట్టి ఆధారం.

గోదావరి డెల్టా విస్తీర్ణం అయిదు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గ్రేస్ నమ్మకంగా చూడగలిగేది లక్ష చదరపు కిలోమీటర్లకు మించిన ప్రాంతాన్ని. ఫైల్లో అర డిగ్రీ గళ్ళు ఉంటాయి కాబట్టి డెల్టా మీద పడిన గడిని తీసి గీత గీయడం ఎవరికైనా సులువే, నేనూ గీశాను. గడి చిన్నదైనంత మాత్రాన చూపు చిన్నది కాదు. ఆ గడిలో కనిపించేది ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు మూడు లక్షల చదరపు కిలోమీటర్ల గోదావరి పరీవాహకం, వాటి మధ్య ఎక్కడో మన డెల్టా.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉపగ్రహం చెప్పేది మొత్తం నీరు. అందులోంచి నేల తేమను తీసేస్తేనే భూగర్భజలం మిగులుతుంది. నేల తేమను కంప్యూటర్ నమూనా నుంచి తీసుకుంటాం. నేను వాడిన నమూనాకు వాన తెలుసు, ఎండ తెలుసు, కాలువ తెలియదు. ఫిబ్రవరిలో దాళ్వా చేలల్లో నీరు నిలిచి ఉంటే, దాని లెక్కలో నేల ఎండిపోతూ ఉంటుంది. ఆ తేమంతా భూగర్భజలం ఖాతాలో పడుతుంది. మరోవైపు ఎగువ పరీవాహకం ఎండుతున్న సంకేతం డెల్టా గడిలోకి కారి నిల్వను తగ్గించి చూపుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొంత కప్పుకోవడంతో గీత చూడముచ్చటగా వచ్చింది. 2017 తర్వాత కొత్త జంట 2018లో ఎగిరేదాకా ఉన్న ఖాళీని కూడా చుక్కల గీతతో నింపేశాను.

కమిటీ సమావేశంలో కాలువల విభాగం ఇంజనీరు ఒకరు నెమ్మదిగా అడిగారు: “ఫిబ్రవరిలో నిల్వ పడిపోతోందని చూపిస్తున్నారు. అప్పుడు మా కాలువ నిండుగా ఉంటుందండి. గట్టు పక్క నూతుల్లో నీరు చేతికందుతుంది. ఇది మా ఊరి బొమ్మేనా?” కాదని ఒప్పుకున్నాను. ఆ గీతను పూర్తిగా పారేయలేదు. ఎగువ పరీవాహకమంతా ఎండిన ఏడాది ఏదో అది బాగానే చెబుతుంది. అలాంటి ఏళ్ళలో ధవళేశ్వరం దగ్గర నీరు చాలక దాళ్వాకు వంతులవారీగా వదులుతారు, శివారుకు చేరేది తగ్గుతుంది. ఆ సంకేతాన్ని మా ఏడు గ్రామాలకు సంబంధించిన వాతావరణంగా వాడుకున్నాను, వాటి కొలతగా కాదు.

నూతుల దగ్గరికి వస్తే

రెండో ప్రయత్నంగా పాత పరిశీలక నూతుల రికార్డు తీశాను. జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో తీసిన మట్టాలు. మే మట్టాలను ఏళ్ళ వరుసలో పెట్టి సరళరేఖ గీస్తే ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల తగ్గుదల కనిపించింది. గ్రామస్థుల మాట నిజమేనని తొందరపడేవాడినే, కానీ రేఖకు అటూ ఇటూ చుక్కలు మరీ చెదిరి ఉన్నాయి. చెదిరిన చుక్కలకు కారణం తెలియకుండా రేఖను నమ్మకూడదన్న పాత అలవాటు ఆపింది.

కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మొదటిది కాలువ తేదీ. కాలువ కట్టే రోజు ప్రతి ఏడాదీ ఒకటి కాదు. ఆధునికీకరణ పనులున్న ఏళ్ళలో ముందే కట్టేశారు, కొన్ని ఏళ్ళలో ఆలస్యమైంది. మే నెల కొలత ఒక ఏడాది మూసివేతకు ఇరవయ్యో రోజున పడితే, మరో ఏడాది యాభయ్యో రోజున పడింది. ఈ ఇసుకలో ఆ ముప్పై రోజుల తేడాకే మట్టం అర మీటరు దాకా దిగుతుంది. నేను చూసిన తగ్గుదలలో ఎక్కువ భాగం నీటిది కాదు, క్యాలెండరుది.

రెండోది తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ఒక నూతిలో ఒకే ఏడాదిలో నలభై సెంటీమీటర్లు పడిపోయి మళ్ళీ లేవలేదు. వెళ్ళి చూస్తే పంచాయతీ వారు నూతి గట్టును ఎత్తు చేసి సిమెంటు పూశారు. కొలిచే మనిషి గట్టు మీంచే టేపు దించుతాడు కాబట్టి నీరు నలభై సెంటీమీటర్లు లోతుకు పోయింది. నీరు మాత్రం కదలలేదు.

మూడోది పెద్దది. రికార్డులో ఒక పీజోమీటరు, అంటే నీటి మట్టం చూడడానికి దించిన సన్న గొట్టం, అరవై మీటర్ల లోతుది, పైన మందపాటి బంకమట్టి పొర ఉంది. అలాంటి గొట్టంలో మట్టం చెప్పేది ఒత్తిడిని. సముద్రపు పోటు ఎక్కితే లేస్తుంది, గాలి ఒత్తిడి మారినా కదులుతుంది. పై పొరల నూతుల్లో మట్టం మార్పును ఇసుక ఇచ్చే నీటి శాతంతో గుణిస్తే నిల్వ వస్తుంది. భూగర్భజలాల అంచనాకు దేశమంతా వాడే 2015 నియమావళి ఇసుక ఒండ్రుకు 16 శాతం, ఒండ్రు మట్టికి 10, బంకమట్టి ఒండ్రుకు 6 అంటుంది. మట్టం మీటరున్నర దిగితే ఇసుక దిబ్బలో అది 24 సెంటీమీటర్ల నీరు, పల్లపు బంకలో 9 సెంటీమీటర్లు. లోతు పొరలో ఈ గుణకం వెయ్యింట ఒక వంతు, అంతకంటే తక్కువ. నేను అన్నింటికీ కలిపి 10 శాతం వాడడంతో ఆ ఒక్క గొట్టం అసలు లేని చెరువుల్ని లెక్కలో ఎండగట్టేసింది.

ఆ గొట్టాన్ని తీసేసి, గట్టు ఎత్తు సరిచేసి, దిబ్బకూ పల్లానికీ వేర్వేరు గుణకాలు వాడాను. తేదీల తేడాను అందినంతవరకు సరిదిద్దాను. తగ్గుదల మాయమైంది. నిల్వలో దీర్ఘకాలిక మార్పు లేదని నివేదిక ముసాయిదా రాసి, ఇంజనీర్ల మాటే నెగ్గిందనుకున్నాను. ఆ ముసాయిదా ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. అయినా అది తప్పు నివేదిక.

మామ్మగారి మాట

ముసాయిదా చదివి వినిపించడానికి ఒక గ్రామంలో కూర్చున్నాం. డెబ్బై దాటిన ఒక మామ్మగారు వెనక నుంచి అన్నారు: “నీళ్ళకేం బాబూ, ఉన్నాయి. కందిపప్పు ఉడకడం లేదు.” కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ మాటకు అర్థం ఏమిటో చదువుకున్నవాడిని.

పప్పు ఉడకకపోవడం కాఠిన్యానికి గుర్తు, అంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం పెరగడం. ఉప్పునీరు మంచినీటి ఇసుకలోకి కొత్తగా చొరబడేటప్పుడు మట్టి రేణువులు దానిలోని సోడియంను పట్టుకుని, తమ దగ్గరున్న కాల్షియంను వదిలేస్తాయి. అందుకే చొరబాటు ముందు అంచులో నీరు నోటికి ఉప్పగా తెలియకముందే గట్టిపడుతుంది. ఆవిడ పొయ్యి మీద గిన్నె నా మీటరు కంటే ముందే చెప్పింది.

ఆ సాయంత్రం వేసిన లెక్క ఇది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి, దిబ్బలో నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే కింద సుమారు నలభై మీటర్ల మంచినీరు తేలగలదు. ఇది సమతౌల్యం కుదిరినప్పటి మాట. మధ్యలో బంక పొరలుంటే, తోడకం ఉంటే లెక్క మారుతుంది. కానీ దిశ అదే. పైన మట్టం శాశ్వతంగా పది సెంటీమీటర్లు దిగితే కింద హద్దు చివరికి నాలుగు మీటర్లు పైకి వస్తుంది. పైన కనిపించే నష్టం, 16 శాతం చొప్పున, ఒకటిన్నర సెంటీమీటర్ల నీరు. కింద కనిపించని నష్టం అరవై సెంటీమీటర్లకు పైన. ఆ పది సెంటీమీటర్లు మా టేపు పొరపాట్లలోనే, తేదీల తేడాల్లోనే కలిసిపోతుంది. మంచినీటి గిన్నె అడుగు నుంచి ఖాళీ అవుతోంది. నేను ఏడాదిగా పైఅంచును కొలుస్తున్నాను.

మళ్ళీ మొదలు

కొత్త పీజోమీటర్లకు డబ్బు అయిదు చోట్లకే సరిపోతుంది. గ్రామానికొకటి చొప్పున, మిగతా రెంటికి మరో నిధి చూద్దామని కమిటీ అంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ విడివిడిగా ఉన్న చుక్కలు హద్దు ఏ వైపు నుంచి కదులుతోందో చెప్పలేవు. పంట కాలువ నుంచి మురుగు కాలువ దాకా దిబ్బను అడ్డంగా కోసే ఒకే వరుసలో అయిదు చోట్లూ పెట్టాలని పట్టుబట్టాను. మిగతా గ్రామాల్లో ఉన్న నూతులతోనే సరిపెట్టాం. దీని మీద రెండు సమావేశాలు గడిచాయి, కొంత మనస్పర్ధ కూడా వచ్చింది. ఒక్కో చోట అయిదు, పది, పద్దెనిమిది మీటర్ల లోతుల్లో మూడు సన్న గొట్టాలు దించాం. మూడింటిలోనూ మట్టంతో పాటు, నీటిలో ఉప్పు పెరిగినకొద్దీ పెరిగే విద్యుద్వాహకత తీసుకుంటాం. మూడు వేల మైక్రోసీమెన్స్ దాటితే ఉప్పు అని హద్దు పెట్టాం. తాగునీటి ప్రమాణం వేరే దారి లేనప్పుడు అనుమతించే లీటరుకు రెండు వేల మిల్లీగ్రాముల లవణాలకు అది ఇంచుమించు సమానం.

కొలిచే పని కాలువ నీటిని కనిపెట్టుకుని ఉండే లస్కరు ఒకరికి, ఉన్నత పాఠశాల సైన్సు మాస్టారు ఒకరికి అప్పగించాం, పదిహేను రోజులకోసారి. లస్కరును ఎంచుకోవడానికి కారణం టేపు కాదు. కాలువ ఎప్పుడు కట్టారో, నీరు శివారుకు నిజంగా ఏ రోజు చేరిందో ఆయనకు తెలిసినట్టు ఆఫీసు కాగితాలకు తెలియదు. మురుగు కాలువ దగ్గరి రెండు చోట్ల పోటు ప్రభావం ఉంటుంది కాబట్టి గంటగంటకూ నమోదు చేసే పరికరం పెట్టి, రోజుల సగటు తీసుకున్నాం.

తేదీల చిక్కుకు చేసిన పని ఈ కేసులో నాకు బాగా నచ్చినది. మే పదిహేను, మే ముప్పై అని కాకుండా ‘మూసివేతకు ముప్పయ్యో రోజు’ అన్న తేదీని పెట్టుకున్నాం. కాలువ కట్టాక మట్టం మొదట వేగంగా, తర్వాత మెల్లగా దిగే తీరు పక్షపు కొలతల్లో స్పష్టంగా వచ్చింది. ఆ వంపును పట్టుకుని పాత మే కొలతలన్నింటినీ ముప్పయ్యో రోజుకు జరిపాను. చెదిరిన చుక్కలు దగ్గరకు చేరాయి. పాత రికార్డు పనికిరానిది కాదు, దాన్ని చదివే తాళంచెవి కొత్త కొలతల్లో ఉంది.

మూడేళ్ళ కొలతలు దీర్ఘకాలం కాదు. అందుకని ఇల్లిల్లూ తిరిగి నూతి నీరు తాగడం ఎప్పుడు మానేశారో అడిగాం. ఏడాది చెప్పమంటే ఎవరికీ గుర్తుండదు. 1996 తుపానుకు ముందా తర్వాతా, 2003 పుష్కరాలకు తాగేవారా, పంట విరామం ప్రకటించిన 2011 నాటికి మానేశారా, 2015 పుష్కరాలకు వచ్చిన చుట్టాలకు ఏ నీళ్ళిచ్చారు అని అడిగితే చెప్పేస్తారు. చుట్టాలకిచ్చిన నీళ్ళను ఎవరూ మరిచిపోరు. ఆ సమాధానాలను పటం మీద పెట్టి, ఏడాదికోసారి తీసిన పాత నీటి నాణ్యత కాగితాలతో సరిచూశాం.

తేలినది

మట్టాల్లో దీర్ఘకాలిక తగ్గుదల లేదు. ముసాయిదాలోని ఆ మాట నిలబడింది. పంట కాలువ వైపు ఉన్న రెండు చోట్ల మూడు లోతుల్లోనూ నీరు మంచిదే. మురుగు కాలువ వైపు రెండు చోట్ల పది మీటర్ల గొట్టం మొదటి వేసవిలో మంచినీరు చూపి, మూడో వేసవికి హద్దు దాటింది. వానల తర్వాత కొంత తేరుకుంది కానీ ముందటి స్థాయికి రాలేదు. అయిదు మీటర్లలో ఇంకా మంచినీరుంది. తాగడం మానేసిన నూతుల పటం కూడా అదే కథ చెప్పింది: పాతవి మురుగు కాలువ పక్కన, కొత్తవి దిబ్బ నడుమకు.

కారణం విషయంలో తొందరపడకూడదనుకున్నాను. గ్రామంలో అందరి వేలూ రొయ్యల చెరువుల వైపే ఉంది. గంటల లెక్కన వచ్చిన కొలతల్లో మాత్రం, కాలువ కట్టిన రెండు మూడు వారాలకే ఉప్పు పెరగడం మొదలైంది. చేలనుంచి వచ్చే మంచినీరు ఆగిపోవడంతో మురుగు కాలువలోకి సముద్రపు పోటు ఎదురెక్కుతోంది. దాన్ని ఆపవలసిన షట్టర్లు తుప్పు పట్టి ఎప్పుడో తెరుచుకుని ఉండిపోయాయి. చెరువులున్నా మురుగు కాలువకు దూరంగా ఉన్నచోట పెరుగుదల తక్కువ. చెరువులకు పాత్ర లేదనను. దిబ్బ అంచున లోతుగా దించిన ఫిల్టర్ పాయింట్లు అనే గొట్టపు బావులు రోజంతా తోడడంతో కింది ఉప్పునీరు పైకి గుంజుకొస్తోంది. అయితే ప్రధాన ద్వారం షట్టర్లదేనని రాశాను. ఆ వాక్యం రెండు వర్గాలకూ నచ్చలేదు.

కమిటీ అడిగిన ఒక్క అంకె ఇవ్వలేదు. రెండు వాక్యాలు ఇచ్చాను: మొత్తం నిల్వ మారలేదు, మురుగు కాలువ వైపు సగం దిబ్బలో మంచినీటి నిల్వ తగ్గుతోంది. దానికి తగ్గట్టు పనులు సూచించాను. షట్టర్లు బాగుచేయడం, కాలువ కట్టే ముందు వారంలో ఊరి మంచినీటి చెరువులు నింపుకోవడం, లోతు ఫిల్టర్ పాయింట్ల బదులు బాపట్ల ప్రాంతంలో ఇసుకలో తవ్వే లోతులేని గుంటలైన దొరువుల పద్ధతిలో పైపొర నీటిని అడ్డంగా వేసిన గొట్టాలతో మెల్లగా తోడుకోవడం. ఒక గ్రామంలో అలాంటిది కట్టారు. రెండు వేసవులుగా అందులో నీరు బాగుంది. షట్టర్లలో ఒకటి బాగుపడింది, రెండోదానికి అంచనాలు తయారవుతున్నాయి.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా డెల్టాలో నిల్వ లెక్క అడిగితే, ఏ నీటి నిల్వ, ఏ పనికి అని ముందే అడిగి రాయించుకుంటాను. ఉపగ్రహపు గడి విస్తీర్ణాన్ని పని ప్రాంతం విస్తీర్ణం పక్కన రాసుకోకుండా గీత గీయను. నూతి దగ్గరికి వెళితే నీటికంటే ముందు గట్టును చూస్తాను, ఫోటో తీస్తాను. కాలువ తేదీలు లేని మట్టాల పట్టిక చేతికొస్తే, ఆ ప్రాంతపు లస్కరు ఎవరో కనుక్కునేదాకా దాన్ని పక్కన పెడతాను.

లస్కరు పుస్తకంలో మట్టం, వాహకత, పోటు గడుల పక్కన ఆయనే సొంతంగా ఇంకో గడి గీసుకున్నారు. దాని పైన ‘పప్పు’ అని ఉంటుంది. మామ్మగారింటికి వెళ్ళి అడిగి, ఉడికింది, ఉడకలేదు అని రాస్తారు. కమిటీకి పంపే పట్టికలో ఆ గడి పేరును ‘కాఠిన్యం’ అని మార్చి పంపుతున్నాను.